కనకరత్నం కడగని పాక

నాగాయలంక దగ్గర మా ఊళ్లో కనకరత్నం పాకంత శుభ్రమైన గేదెల పాక ఇంకొకటి లేదు. ఆ శుభ్రానికి కారణం నేనే. గొప్పకు చెప్పుకోవడం లేదు.

ఆమె ఇరవై ఏళ్లు చేపల గంప మోసింది. బస్సులో ఆమె పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. మోకాళ్లు అరిగాక గంప దించి, గేదెను కొని పాలు పోయడం మొదలుపెట్టింది. మొదటిరోజు నా గిన్నెలో పోస్తుంటే, "నీచు వాసన రాకుంటే చాలు తల్లీ" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి నాలుగింటికే లేచి పాక కడగడం పట్టుకుంది. పాలకు వెళ్లినవాళ్లకు పేడకడి గాని, తడిసిన గడ్డిపోచ గాని కనపడితే ఒట్టు.

ఆ గేదె ముసలిదై పోయాక పాలకు వేరే గేదెను కొన్నారు. పోయే ముందు అది ఒక పెయ్యను ఈనింది. దాని పుట్టుకే వింత. ఊళ్లో పశువులకు చూలు కట్టే సూది వేసే ఎలీషా అప్పుడే చెప్పాడు. "అక్కా, ఇది మామూలు దున్న బీజం కాదు. ఓ మేలుజాతి దున్న చర్మం ముక్క తీసి, అచ్చం అలాంటి దున్ననే పుట్టించారు. దాని బీజం ఇది."

పెయ్య నిగనిగలాడుతూ పెరిగింది. నాలుగో ఏడు సగమైనా ఎదకు మాత్రం రాలేదు. ఎదకొచ్చిన గేదె అరుస్తుంది. మా వాళ్లు నమ్మే గుర్తు అదొక్కటే. ఇది నోరెత్తదు.

"అచ్చుపోసిన దున్నకు పుట్టింది. బొమ్మలు ఈనుతాయా ఎక్కడైనా?" అనేది ఎదురింటి ఆనందమ్మ, పాలు పోయించుకుంటూనే.

కనకరత్నం మొగుడు భూషణం విసిగిపోయాడు. "గురువారం బేరగాడి బండి వస్తుంది. తోలేస్తానని మాటిచ్చేశాను."

ఆ బండి ఎక్కిన పశువు ఎక్కడ దిగుతుందో అందరికీ తెలుసు.

"దీని తల్లి మన పిల్లలిద్దర్నీ పెంచిందయ్యా. దాని రక్తంలో ఇదొక్కటే మిగిలింది" అంది కనకరత్నం.

"తల్లి పాలిచ్చింది, పెంచింది. ఇదేమిచ్చింది, పేడా?"

మంగళవారం ఎలీషా పశువుల డాక్టరమ్మ వందనగారిని తీసుకొచ్చాడు. పాల గిన్నెతో నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ భుజం దాకా తొడుగు వేసుకుని లోపల చెయ్యిపెట్టి చూసింది.

"గర్భసంచి బాగుందమ్మా. పది రోజుల కిందటే ఎదకొచ్చి పోయింది కూడా."

"మరి దున్న దోషమంటున్నారండీ?"

"దున్న ఎలా పుట్టినా ఇది మామూలుగానే పుట్టింది. దీనిది మూగ ఎద. అరవదు. తెల్లవారుజామున పడుకున్నచోట జిగురు తీగలా పడుతుంది, అంతే. చూడలేదా?" అని ఆవిడ కింద నేల చూసింది. అద్దంలా ఉంది. "ఎన్నింటికి కడుగుతారు?"

"నాలుగింటికండీ. ఒక్కరోజు మానను" అంది కనకరత్నం గర్వంగా.

"అదేనమ్మా. గుర్తును మీరే కడిగేస్తున్నారు."

కనకరత్నం నా వంక చూసింది. నేను నా గిన్నె వంక చూసుకున్నాను.

గురువారం బండి వచ్చింది. ఆమె పాక గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. భూషణం కాసేపు అరిచి, చివరికి "నెల. అంతకు మించి ఒక్కరోజు ఆగను" అని బండిని పంపేశాడు.

ఆ రోజు నుంచి ఆమె తెల్లారేదాకా పాక కడగలేదు. వెలుతురు వచ్చాక ఒంగి ఒంగి గడ్డి వెతికేది. ఈగలు ముసిరాయి. రెండిళ్ల వాళ్లు ప్యాకెట్ పాలకు మళ్లారు. "గంప వాసన మళ్లీ వచ్చిందే" అంది ఆనందమ్మ. చీపురు వంక చూసి చూసి కనకరత్నం చేతులు పిసుక్కునేది.

తొమ్మిదోనాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, "పిన్నీ, ఒక్కసారి రా" అంది. వెళ్లాను. పెయ్య పడుకున్నచోట గడ్డి మీద గుడ్డు తెల్లసొనలా సన్నని తీగ. ఎలీషాకు ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చాడు. "తండ్రి దున్న బీజం దీనికి పనికిరాదక్కా, వేరేది తెచ్చా" అని సూది వేశాడు.

ఇరవై ఒకటో రోజు తీగ లేదు. ఆ మర్నాడూ లేదు. చూలు కట్టిందా, లేక జారిపోయిందా? అరవని పశువును ఏమని అడుగుతాం? రెండు నెలలు నిండితేగాని చెయ్యిపెట్టి చెప్పలేనంది డాక్టరమ్మ. భూషణం పెట్టిన నెల నిన్నటితో దాటింది. బేరగాడి బండి గురువారం గురువారం మా సందు మొదట్లో నెమ్మదిస్తుంది. భూషణం దాన్ని రమ్మనడు, పొమ్మనడు. అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తాడు.

మొన్న ఏ తీగ కోసం వెతికిందో, ఇప్పుడు అది కనపడకూడదని ఆమె రోజూ గడ్డి వెతుకుతోంది. పొద్దున ఏడు గంటలైనా పాక కడగడం లేదు.

నేను మాత్రం గిన్నె పట్టుకెళ్లి, ఆ పేడలోనే నిలబడి పాలు పోయించుకుంటున్నాను. వాసన వస్తోంది. ఆమె నా మొహం చూస్తుంది, నేనేమంటానోనని.

ఏమీ అనను.