ఏడు చుట్ల ముడి

గాలపు ముళ్లకు దారం కట్టడంలో ఆవిడది చెయ్యి తిరిగిన పని. వీధిలో అందరికీ ముడుల పిన్ని. వంటింటి కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చునేది. చేతిలో చూపుడువేలంత ఇత్తడి కడ్డీ, దాని కొసన సన్నని చీలిక. ఆ చీలికలో ముల్లు బిగించి, నైలాను దారాన్ని ముల్లు కాడకు ఏడు చుట్లు తిప్పి, కొసను చుట్ల కిందుగా దూర్చి, నాలుకతో తడిపి ఒక్క లాగు లాగేది. ముప్పై ఏళ్లలో ఒక్క ముడి జారిందన్న మాట రాలేదు.

అందుకే ఆ ఉదయం గాలాల కొట్టతను వచ్చి, "నీ ముడులు జారిపోతున్నాయి పిన్నీ," అంటే నవ్వేసింది.

"నీ లాగు జారిందేమో చూసుకోరా."

"నవ్వులాట కాదు. నలుగురు తిరగ్గొట్టారు. ఇలాగైతే నీకు పనివ్వడం నావల్ల కాదు."

ఆవిడ మొహం జేవురించింది. అప్పటికప్పుడు ఒక ముల్లుకు దారం కట్టి విసురుగా అతని చేతిలో పెట్టింది. అతను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఆరే ఉన్నాయి."

"నీ కళ్లు కాకులెత్తుకెళ్లాయా? ఏడు!"

"అయితే పైకి లెక్కపెడుతూ కట్టు. వింటా."

ఆవిడ ఏనాడూ అంకెలతో లెక్కపెట్టలేదు. తను కాక పుట్టింట్లో ఏడుగురు. ఒక్కొక్కరికీ ఒక చుట్టు. అమ్మానాన్నలు పోయాక కూడా వాళ్ల చుట్లు వాళ్లకే ఉన్నాయి. ఇన్నాళ్లూ మనసులో అనుకున్నది ఇప్పుడు పైకి అంది.

"అమ్మ... నాన్న... పెద్దోడు... నడిపోడు... అక్క... తమ్ముడు. అయిందా?"

కొట్టతను చేతిలో ముల్లు కింద పెట్టాడు. పోయిన నెల ఆవిడ చెల్లెల్ని కాటికి సాగనంపినప్పుడు అతనూ వెంట నడిచాడు.

"పిన్నీ," అన్నాడు మెల్లగా, "బుల్లి పిన్నేదీ?"

కడ్డీ చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. చెల్లెలు పోయిన మూడో రోజే పనిలో కూర్చుంటే, గుండె దిటవైన మనిషని వీధంతా మెచ్చుకుంది. తనూ అదే అనుకుంది. తన పక్కలో పడుకుని పెరిగిన పిల్లను తన వేళ్లే, తనకు తెలియకుండా, నెల్లాళ్లుగా దాటేస్తున్నాయి.

"ఈ నెలలో కట్టినవన్నీ వెనక్కి తెప్పించు," అంది. "అన్నీ కోసి మళ్లీ కడతా."

అతను కడ్డీ తీసి ఇచ్చాడు. ఆవిడ కొత్త ముల్లు బిగించింది. తమ్ముడి వరకు బాగానే వచ్చింది. ఆ తర్వాత నోరు తెరుచుకుంది గానీ మాట పెగల్లేదు. దారం మాత్రం వదల్లేదు.

కొట్టతను ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"కానివ్వు పిన్నీ. నాకేం తొందర లేదు."