అత్తమ్మ పళ్ళెంలో మట్టి

మా వీధి మట్టిని శుభ్రం చెయ్యడానికి ప్రభుత్వం వారు వచ్చిన రోజు నేను అల్లాకు మనసారా షుక్రియా చెప్పుకున్నాను. మనుషుల్ని పట్టించుకోమని ఏళ్ళ తరబడి అడిగితే రానివాళ్ళు, మట్టి కోసమైనా వచ్చినారు గదా.

మా వెనక గోడకు ఆనుకోని ఒకప్పుడు సీసం కొలిమి ఉండేది. పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరగబెట్టి, వలలకు కట్టే గుండ్లు పోసేవాళ్ళు. మైపాడు వలలు నీళ్ళలో మునిగేది మా గుండ్లతోనేనని, అక్కడ పనిచేసిన మా మామయ్య గొప్పగా చెప్పేవాడు. కొలిమి యజమాని దయగల మనిషి. బూడిదంతా ఊరికే ఇచ్చి, "పెరట్లో పల్లానికి పోసుకోండి" అనేవాడు. వీధంతా పోసుకున్నాం. తర్వాత కొలిమి మూతబడింది, మామయ్య పోయినాడు, యజమాని ఊరు మారినాడు. బూడిద ఒక్కటే మమ్మల్ని విడిచిపెట్టలా.

వచ్చినవాళ్ళు మూతికి గుడ్డలు, చేతులకు తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకోని ఉండారు. మేము హవాయి చెప్పులతో ఎదురుపోయి టీ ఇచ్చినాం. తుపాకీలాంటి మిషను నేలకు ఆనిస్తే సీసం ఎంతుందో అంకె వస్తుంది. పెద్ద అంకె వస్తే ఎర్రజెండా; అక్కడి మట్టి తవ్వి ఎత్తకపోతారంట. ఒక్క పూటలో మా పెరడు పార్టీ మీటింగులాగా తయారైంది. చేతికో కాగితం కూడా ఇచ్చినారు. నేను బడికి పోలా, మా నాన్న ఇంట్లోనే కూచోబెట్టి అక్షరాలు నేర్పినాడు. అందుకని ఏ కాగితమైనా వేలు పెట్టి ఆఖరు దాకా చదువుతాను. మట్టిని చేత్తో తాకరాదు, ముఖానికి తగలనియ్యరాదు అని ఉంది.

ముఖం అనే మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

మా అత్తమ్మకు నీళ్ళు తగిలితే చాలు, దద్దుర్లెక్కి ఊదిపోతుంది. అటువంటివాళ్ళకు మా దీన్‌లో ఒక సులువుంది. నమాజుకు ముందు కడుక్కునే నీళ్ళ బదులు శుభ్రమైన మట్టి మీద అరచేతులు తట్టి, ముఖానికీ చేతులకూ రుద్దుకుంటే నమాజుకు సరిపోతుంది. తయమ్ముమ్ అంటాం. ఆమె మంచం కింద ఇత్తడి పళ్ళెంలో ఆ మట్టి పెట్టేది నేను. రోజుకు ఐదుసార్లు, మూడేళ్ళుగా. తెచ్చేది వెనక గోడ మొదట్లోంచి. అక్కడిది పౌడరులాగా మెత్తగా ఉంటుంది మరి.

పళ్ళెం తీసకపోయి ఆఫీసరు గారి ముందు పెట్టినాను.

"సార్, దీన్నొక్క తూరి చూస్తారా?"

"యాడిదమ్మా ఈ మట్టి?"

"మంచం కిందిది సార్."

"ఇంటి లోపలిది మా స్కీములోకి రాదు. మాది పెరటి వరకే."

విషానికి కూడా గడప దాటకూడదనే మర్యాద ఉంటుందని అప్పుడే తెలిసింది.

మిషను పట్టుకోని ఉండే అమ్మాయిది కావలి ఊరంట. సారు ఫోను మాట్లాడేదానికి పక్కకు పోగానే పళ్ళేనికి మిషను ఆనించింది. అంకె చూసి, మళ్ళీ ఆనించింది.

"అక్కా, దీన్ని జల్లించినారా?"

"మూడు తూర్లు. పాత దుపట్టాతో. అత్తమ్మకు రాళ్ళు గుచ్చుకోకూడదని."

"జల్లిస్తే సన్న దుమ్మే గదక్కా మిగిలేది? సీసమంతా దాంట్లోనే ఉంటది. మీ పెరట్లో యాడా ఇంత అంకె రాలా." ఎవరు వాడతారో చెప్పినాను. ఆమె గొంతు తగ్గించి, "రేపే నెల్లూరు తీసకపోయి రక్తం చూపించండి" అనింది.

నా అంత శ్రద్ధగల కోడలు జిల్లాలో ఉండదు. విషాన్ని కూడా రాళ్ళేరి పెట్టినాను.

నెల్లూరు ఎందుకో అత్తమ్మకు చెప్పాలి గదా. ముందు మసీదుకు పోయి హజరత్ గారిని అడిగొచ్చి, చెప్పినాను. ఆమె తన ప్రాణం మాట ఎత్తలా.

"అయితే ఇన్నాళ్ళ నా నమాజులు?"

"దీన్ లెక్కలో మట్టి పాక్, శుద్ధమైందే అత్తమ్మా. నమాజులకేం కాలేదని హజరత్ గారు చెప్పినారు. చెడుపంతా ఒంటికే."

"హమ్మయ్య." ఊపిరి వదిలి నా వైపు తిరిగింది. "నన్ను చంపేదానికి మూడు తూర్లు జల్లించాల్నా అమ్మే? మిగతా కోడళ్ళు మాటల్తోనే కానిస్తా ఉండారు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలా.

మరుసటి రోజు పొద్దున్నే, తవ్వే మనుషులు రాకముందే, పళ్ళెంలో మట్టిని దుమ్ము లేవకుండా తడిపి, గడప దాటి నాలుగడుగులేసి, ఎర్రజెండా మొదట్లో పోసినాను. పైన ఆ జల్లించిన దుపట్టా కప్పినాను. ఆ నాలుగడుగులతో అది స్కీములోకి వచ్చేసింది. తొడుగుల చేతులతో ఎత్తి, సంచిలో కట్టి, లారీలో తీసకపోయినారు. మా ఇంట్లోంచి అంత మర్యాదగా సాగనంపించుకున్నది ఇంకోటి లేదు.

నెల్లూరులో అత్తమ్మ రక్తం చూసి సీసం ఉందన్నారు. ఆ మట్టి మానేస్తే మెల్లిగా దిగుతుందని చెప్పి డాక్టరు మందులు రాసినాడు. నేను పరీక్ష కాగితాన్ని కూడా ఆఖరు దాకా చదివినాను.

వట్టి రాయి మీద తయమ్ముమ్ చేసుకున్నా చెల్లుతుందని హజరత్ గారు చెప్పినా అత్తమ్మ ఒప్పుకోలా. "చేతికి మన్ను అంటకపోతే నాకు చేసుకున్నట్టుండదు." ఇంతలో తవ్విన పెరట్లో పోసేదానికి వాకాడు వైపు నించి కొత్త మట్టి వచ్చింది. ఎర్రది, గరుకుది. కావలి అమ్మాయి నేను అడక్కముందే మిషను ఆనించి, బాగుందని తలూపింది.

తోమిన పళ్ళెంలో దోసెడు మట్టి తెచ్చి, అలవాటుగా కొత్త గుడ్డ అందుకున్నాను.

"జల్లించొద్దు," అనింది అత్తమ్మ మంచం మీంచి.

"రాళ్ళుండాయి అత్తమ్మా."

"ఉండనీ."

అరచేతులు తట్టి ముఖానికి రుద్దుకుంది. రాయి గీసుకోని బుగ్గ మీద సన్నటి ఎర్రగీత పడింది. నేను గుడ్డ మడిచి పక్కన పెట్టి, ఆమె పక్కన నమాజుకు నిలబడినాను.