పెద్దమ్మ పాటలో గాంధారం

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా గల్లీ గుడిలో సాయంత్రం హారతి పాట మా పెద్దమ్మదే. వాళ్ల అత్తగారి దగ్గర నేర్చుకున్నదట. పూజారి హారతి వెలిగించగానే ఆమె ఎత్తుకునేది. లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు కట్టేసి వచ్చిన మావాళ్లు వెనక అందుకునేవారు.

నడివయసులో నాకు సంగీతం పిచ్చి పట్టింది. సంగీతం నేర్పే మా సారు మధ్యమావతి రాగం పాడగానే, అరే, ఇది మా పెద్దమ్మ పాట కదా అని ఎగిరి గంతేశాను. కానీ ఆమె రెండో పాదంలో గాంధార స్వరం పలికినట్టు గుర్తు. ఆ రాగంలో గాంధారానికి చోటే లేదు. మరి ఎక్కడిది? పక్క గల్లీ కవ్వాలీలోంచి వచ్చిందా? వాళ్ల అత్తగారి గొంతులోనే పుట్టిందా? అన్నం తింటున్నా ఇదే ఆలోచన.

ఇంట్లో పాడమంటే పెద్దమ్మ నవ్వేసింది.

"ముంగట హారతి వెలుగుతెనే నోట్లెకొస్తది బిడ్డా. గుడికొచ్చి విను."

ఏం వింటాం! కొన్నేళ్లుగా గుడిలో కరెంటు నగారా మిషన్ పెట్టారు. స్విచ్ వేస్తే చాలు, డోలూ గంటా అన్నీ అదే దడదడలాడిస్తుంది. ఆ మోతలో పెద్దమ్మ పెదవులు కదలడం కనబడేది, అంతే.

ఒక్కరోజు ఆపమని గుడి కమిటీ ఆయన్ని అడిగాను.

"బంద్ చేస్తే ఎట్లన్నా? మన సప్పుడు చౌరస్తా దాకా పోవాలె. అటు దిక్కు మైకులు మోగుతలేవా?"

నాకు ఒళ్లు మండింది. "పక్కోళ్లకు వినిపించనీకి చేస్తున్నమా పూజ? అమ్మవారు ఈడనే ఉన్నది గద భాయ్!"

మస్తు లొల్లి అయింది. చివరికి ఒక్క శుక్రవారానికి ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం మిషన్ ఆగింది. పెద్దమ్మ మొదటి పాదం ఎత్తుకుంది. అచ్చమైన మధ్యమావతి! రెండో పాదం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటిదే పాడి, మళ్లీ అక్కడే ఆగింది. సాయం కోసం వెనక్కి చూసింది. అందుకునే అలవాటున్న మావాళ్లకు ఎత్తుకోవడం రాదు. హారతి కొండెక్కింది.

ఇంటికి నడుస్తుంటే తనే చెప్పింది. "మిషనొచ్చినంక పాడుడు ఇడిసిన బిడ్డా. ఎవలకు వినపడుతదని? ఉత్తగ పెదవులాడించిన. ఎప్పుడంటె అప్పుడు వస్తదనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆ పాట ఇంకెవరికీ రాదు.

మర్నాడు మిషన్ మళ్లీ మోగింది. పెద్దమ్మ ఎప్పటిలాగే ముందు వరసలో నిలబడింది. ఈసారి పెదవులు కదపలేదు.