కొంగకు పెట్టిన చేప

ఉదయం ఆరున్నరకు కొంగ మా పెరటి గోడ మీద వాలింది. అది రోజూ వచ్చే వేళే. ఆ రోజు మాత్రం నేను దాని కోసం సిద్ధంగా ఉన్నాను. ఆ ఉదయం సంగతి ఇన్నేళ్ళూ లోపలే మోస్తూ వచ్చాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె కూడా పోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

పందొమ్మిది వందల యాభైల్లో ఒక కరువు ఏడు అది. మాది కోడుమూరు. మగ్గాలవాళ్ళం. పెరట్లో నాపబండలతో కట్టిన చిన్న గుంట ఉండేది. నూలు తడపడానికి బావి నీళ్ళు తోడి అందులో నిలవ చేసేవాళ్ళం. నీళ్ళలో పురుగు పడకుండా నాన్న అందులో చేపల్ని వేశాడు. మంత్రాలయం పోయినప్పుడు తుంగభద్రలో పట్టిన పిల్లల్ని రాగిబిందెలో, బండి కుదుపులకు నీళ్ళు ఒలకకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నేత పని అయ్యాక సాయంత్రాలు గుంట గట్టున కూర్చునేవాడు. మాకు చెప్పని మాటలు వాటికి చెప్పుకునేవాడు. ఆ ఏడు మాఘంలో ఆయన పోయాడు. చేపలు మిగిలాయి.

చుట్టుపక్కల చెరువులు ఎండిపోయేసరికి కొంగ కంటికి మా గుంట ఆనింది. గట్టున కదలకుండా నిలబడేది. ఉన్నట్టుండి ఒక్క పోటు. పాడైన నూలును గుంటకు అడ్డంగా, పడుగు వేసినట్టు దగ్గర దగ్గరగా కట్టాను. పైనుంచి దిగలేక గట్టు మీద నడిచి వచ్చి, దారాల కింద నుంచి ముక్కు దూర్చింది. తుమ్మకంప పరిచాను. కంపను తప్పించుకుని నడవడం నేర్చుకుంది. ఒక పక్షి మీద అంత పగ పెట్టుకోవచ్చునా? అప్పుడు నన్ను నేను అడగలేదు. నాన్న మంచం పట్టినప్పుడు ఏమీ చేయలేక చూస్తూ కూర్చున్నవాణ్ణి, కనీసం ఆయన చేపలనైనా దక్కించుకోవాలనుకున్నానేమో. ఇప్పుడు అలా అనుకోవడం కూడా నాకు నేను చెప్పుకునే సాకేనేమో.

గొర్రెల మందలవాళ్ళు తోడేళ్ళకు పెట్టే పాషాణం సంపాదించాను. ఎండ వేడికి చచ్చి తేలిన రెండు చేపల పొట్టల్లో దాన్ని కూరి గట్టున ఉంచాను.

మా పెరటి వెనక బయల్లో కోసిగి వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళు గుడిసెలు వేసుకుని ఉన్నారు. వాళ్ళలో హనుమక్క అనే ఆమె మా ఇంటికి నూలుకు గంజి పట్టించే పనికి వచ్చేది. ఆ ఉదయం ఆమె పెరటి వాకిట్లోంచి వచ్చేసరికి నేను చేపల్ని సర్దుతున్నాను.

“ఏందప్పా, పొద్దున్నే కొంగకు విస్తరేస్తాండావు?” అంది.

“రోజూ వచ్చే సుట్టం గదా హనుమక్కా. ఈ పొద్దు కడుపు నింపి పంపిస్తా.”

“శానా బాగుండాది! చేప తినని ఇంట్లో కొంగకు విందు. మా మొగోనికి చేపంటే పానం. ఈడికొచ్చినప్పట్నుంచి దాని మొగం చూడల్యా. వచ్చే జన్మలో కొంగనై పుడతాం పో.”

“పుట్టండి, మీకూ పెడతాలే,” అని నవ్వాను.

ఆ నవ్వు దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తుంటాను. అది విషమని ఎందుకు చెప్పలేదు? చీమకు కూడా హాని తలపెట్టని మనిషి కొడుకుని. పక్షిని చంపుతున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. అది ఒక కారణం. అసలు కారణం ఇంకా చిన్నది. మా ఇంట్లో ఎవరూ చేప తినరు. మాకు చేప అంటే నీళ్ళు శుభ్రం చేసే ప్రాణి. అది ఒకరికి కూడు అని నాకు తట్టలేదు. ఆకలితో ఉన్న మనిషి ఎదురుగా నిలబడి తన నోటితో చెప్పినా తట్టలేదు. పుస్తకాలు చదివేవాణ్ణని ఊళ్ళో నాకు పేరు.

లోపలికి వెళ్ళి మగ్గంలో కూర్చున్నాను. తర్వాత వచ్చి చూస్తే గట్టున చేపలు లేవు. కొంగ కూడా లేదు. పీడ వదిలిందనుకుని, ఆ మధ్యాహ్నం తృప్తిగా అన్నం తిన్నాను.

పొద్దు వాలేవేళకు గోడ అవతల కేకలు వినిపించాయి. వెళ్ళాను. హనుమక్కకు వాంతులు, విరేచనాలు. ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ఉన్నారు. పొయ్యిరాళ్ళ పక్కన చేప ముల్లు ఉంది. మూకుడు కింద, కాల్చిన రెండో చేప. రాళ్ళు కొట్టే పనికి పోయిన మొగుడు ఈరన్న కోసం దాచింది.

అప్పుడే నోరు తెరిచి ఉంటే బండి కట్టి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళు. బతికేదో లేదో తెలియదు. ఎవరో కలరా అన్నారు. అందరూ కలరా అన్నారు. నేను ఆ ముల్లునూ, ఆ చేపనూ ఎవరూ చూడకుండా తీసుకుపోయి కంప కింద పూడ్చాను. ఈరన్న ప్రాణం కాపాడానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను కాపాడుకున్నది నన్నే. తెల్లవారకముందే ఆమె పోయింది.

రోగం వీళ్ళతోనే వచ్చిందని ఊరి పెద్దలు గుడిసెలన్నీ పీకించారు. ఈరన్న నా దగ్గరికి వచ్చాడు.

“సదువుకున్నోనివి గదప్పా, నువ్వన్నా చెప్పు. మాకు రోగం యాడిది? ఈ ముసిలోళ్ళను, పిల్లోళ్ళను తీసుకుని యాడికి పోవల్ల?”

“పెద్దోళ్ళు చెప్పినాక నేనేం చెప్తానప్పా,” అన్నాను.

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. అనుమానంతో కాదు. ఇంకేమైనా అంటానేమోనని. తర్వాత మూట నెత్తికెత్తుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో వాళ్ళంతా ఊరు దాటేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

హనుమక్కను కలరా చంపలేదు. నేను చంపాను. ఆ తర్వాత నిందను ఆమె మనుషుల మీదికి పోనిచ్చాను. ఈ మాటలు కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అలా ఆడటం న్యాయమేనా అని కూడా అనిపిస్తోంది. ఈరన్న ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతుల్లో ఉన్నది కాదు.

కరువులు ఆ తర్వాత కూడా వచ్చాయి. కోసిగి మనుషులు ఇప్పటికీ మూటలతో మా ఊరి మీదుగానే పోతారు. మా ఊళ్ళో గుడిసెలు వేసుకోరు.