సత్యానందం గారి పడికట్టు రాయి

నేను ఆరో తరగతి రెండేళ్ళు చదివాను. రెండో ఏడు కూడా అవే పాఠాలు చెప్పేసరికి, మేష్టార్ల దగ్గర సరుకు అయిపోయిందని తేల్చుకుని బడి మానేశాను. అటువంటి పండితుణ్ణి పట్టుకుని, కీర్తిశేషులు సత్యానందం గారి గురించి మన సంఘం సంచికలో నాలుగు మాటలు రాయమన్నారు. రాయగలిగినవాళ్ళకు తీరిక లేదట. నాకున్న యోగ్యత ఆ తీరికొక్కటే.

పోయిన నెలలో ఒక ఉదయం కాటా దగ్గర పీచు తీసే కొబ్బరి డొక్కల బండి తూస్తున్నాను. ఆఫీసు గుమాస్తా సైకిలు దిగి, "సత్యానందం గారు పోయేరండి" అన్నాడు.

"ఎక్కడికండీ, రాజోలేనా? మళ్ళీ ఎవరినో ఏదో అడగడానికే అయ్యుంటుంది" అన్నాను.

బండివాడు నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు. ఆయన మొహం చూశాక గాని సంగతి తలకెక్కలేదు. ఆ మహానుభావుడి మరణవార్త నా గుండెకు చేరకముందే నా నోరు దానిమీద పరాచికమాడేసింది. చేతిలోని కొక్కెం జారి కాలిమీద పడింది. తగలవలసిన చోటే తగిలిందనుకున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నాను. డెబ్బైల నడిమిలో ఆయన మన కొబ్బరి పీచు సహకార సంఘానికి సంక్షేమాధికారిగా వచ్చారు. అంబాజీపేట రోడ్డు పక్కనున్న మన పీచు షెడ్డుకు అప్పట్లో నాలుగు గోడలు, ఒక్కటే తలుపు. మిషను తిరగడం మొదలైతే ఎదుటి మనిషిని చూసి కాదు, దగ్గు విని పోల్చుకునేవాళ్ళం. సత్యానందం గారు సన్నగా, పొడుగ్గా, తలుపు దగ్గర వంగి లోపలికొచ్చేవారు. వచ్చీ రాగానే ఏదో ఒకటి అడిగేవారు.

సద్గుణరాశి అని రాయమన్నారు. అక్షరాలా సద్గుణరాశే. కాని ఆ రాశిలో కొన్ని మట్టిబెడ్డలు కూడా ఉండేవి. అడిగిందే మళ్ళీ అడిగేవారు. వానలో సైకిలాపి మరీ అడిగేవారు. అన్నిటికన్నా ఘోరం, నేనొక జోకు చెప్పి, నలుగురూ నవ్వి, నేను మీసం సవరించుకుంటుండగా, "నిజంగానా, రాంబాబూ?" అనేవారు. ఇది నిజంగా జరిగిందా, కల్పించావా అని! హాస్యానికి అంతకంటే దుర్మరణం లేదు. ఆయన గది ముందు నుంచి వెళ్ళకుండా తప్పించుకు తిరిగిన రోజులున్నాయి.

కొత్తపేటలో ఒక పెళ్ళికి కలిసి వెళ్ళాం. భోజనాలయ్యాక పెళ్ళికూతురి తండ్రి ప్రతివాళ్ళనీ, "వంటలెలా ఉన్నాయండీ?" అని అడుగుతున్నాడు. "అమోఘమండి", "అమృతమండి" అని అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఈయన పెరట్లోకి వెళ్ళి, ఎత్తి పారేసిన విస్తళ్ళు చూస్తూ నిలబడ్డారు. పనసపొట్టు కూర ఏ విస్తట్లోనూ కదల్లేదు. ఆవ ఎక్కువై చేదెక్కింది. "నోరు మర్యాద చెబుతుంది రాంబాబూ, విస్తరి నిజం చెబుతుంది" అన్నారు. అంతటితో ఊరుకుంటే ఋషితుల్యుడనేవాణ్ణి. తిన్నగా వెళ్ళి ఆ తండ్రికి కూడా చెప్పేశారు. "ఆయన అడిగేరు కదయ్యా" అని నామీదే ఆశ్చర్యపోయారు. ఆ ఇంటినుంచి ఆయనకి మళ్ళీ పిలుపు రాలేదు. ఆయనతో వెళ్ళిన పాపానికి నాకూ రాలేదు.

అంతలో పనివాళ్ళ అభిప్రాయాలు సేకరించి పంపమని పైనుంచి ఉత్తరువొచ్చింది. సర్వే అనగానే, గొలుసు పట్టుకుని షెడ్డు కొలుస్తారనుకుని మావాళ్ళు తట్టలు పక్కకి జరిపారు. చాలామందికి చదువు లేదు కనుక సత్యానందం గారే మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి అడిగారు.

"షెడ్డులో గాలి ఎలా ఉంది, మంగాయమ్మా?"

పీచు దులిపే మంగాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, దగ్గు దిగమింగుకుని, "బాగుందండి, ఆయ్" అంది.

నీళ్ళు బాగున్నాయి. వెలుతురు బాగుంది. అధికారులు మరీ బాగున్నారు. ప్రెసిడెంటు గారికి పట్టరాని ఆనందమైంది. సర్వసభ్య సమావేశంలో చదివిస్తానన్నారు. సత్యానందం గారొక్కరే చావుకబురు విన్నట్టు మొహం పెట్టుకుని కాటా దగ్గరికొచ్చి కూర్చున్నారు. నేను పొద్దున్నే చేసే పని చేస్తున్నాను. తూకం మొదలుపెట్టేముందు పడికట్టు రాయి వేసి కాటా సరిచూసుకోవాలి కదా.

"బరువు తెలిసిన రాయిని మళ్ళీ తూస్తావేమయ్యా?" అన్నారు.

"రాయిని కాదండి, కాటాని తూస్తున్నాను. అబద్ధమాడితే ఇక్కడే దొరికిపోద్దండి."

ఆయన వంగి కాటా ముల్లుని చూశారు. "చదువుకునేటప్పుడు మాకూ ఇదే చెప్పేరు. జనాన్ని అడిగేముందు మన ప్రశ్నని పరీక్షించుకోవాలని. పరీక్ష పాసై, పుస్తకం అక్కడే వదిలేసి వచ్చేనయ్యా" అన్నారు. ఆయన సిగ్గుపడడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

మర్నాడు మళ్ళీ బయల్దేరారు. అవే ప్రశ్నల మధ్యలో ఒక కొత్త ప్రశ్న చేర్చారు: "షెడ్డులో పెట్టిన ఫ్యాను గాలి సరిపోతోందా?"

షెడ్డులో ఫ్యాను లేదు. ఏనాడూ లేదు. పెట్టడానికి దూలానికి కొక్కెం కూడా లేదు.

"సరిపోతోందండి, ఆయ్" అన్నారు అందరూ. ఒకావిడ, "రవ్వంత జోరు తగ్గిస్తే మేలండి" అని సలహా కూడా ఇచ్చింది. నన్నడిగితే, "చలేస్తోందండి" అన్నాను. నేను వెటకారమాడాననుకున్నాను. లెక్కలో అది కూడా మెచ్చుకోలు కిందే పడింది.

నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. "వాళ్ళు అబద్ధమాడలేదయ్యా. ఆఫీసువాడు అడిగేడు, బాధపెట్టడం దేనికనుకున్నారు. నా కాటాయే చెడింది" అన్నారు.

ఆ తర్వాత ఆయన ధర్మపత్ని కరుణమ్మ గారు మధ్యాహ్నం భోజనాల వేళకి కేరేజీ తెచ్చుకుని ఆడవాళ్ళ మధ్య వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎందుకొచ్చారో దాచలేదు. "ఆయనకి చెప్పలేనివి నాకు చెప్పండమ్మా. పేర్లు ఆయనక్కూడా చెప్పను" అన్నారు. మొదట ఎవరూ పెదవి విప్పలేదు. ఊరగాయలు మార్చుకున్నాక విప్పారు. సాయంత్రానికి ఉమ్మి ఎర్రమట్టి రంగులో వస్తుందన్నారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదన్నారు. బిడ్డని ఎత్తుకోబోతే దగ్గు చూసి జడుసుకుంటోందని మంగాయమ్మ కళ్ళు తుడుచుకుందని ఆడవాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. నేనూ రోజూ ఆ తలుపు దగ్గరే అన్నం తినేవాణ్ణి. నాలుగడుగుల దూరంలో ఉండీ ఆ మాటలు నేనెన్నడూ వినలేదు. నేనున్నచోట అందరూ నవ్వేవాళ్ళే తప్ప చెప్పేవాళ్ళు కాదు.

"నాకు చెప్పినదానికీ, ఆవిడకి చెప్పినదానికీ ఎంత దూరముందో, నా సర్వే అంత తప్పు" అనేవారు సత్యానందం గారు. ఆ మాటే కమిటీ ముందూ చెప్పారు. "నేను చేసిన సర్వే పనికిరాదండి. లేని ఫ్యానుకి అందరూ మెచ్చుకోలిచ్చేరు. గోడకి కిటికీలు కొట్టించి, గాలి పోయే దారి చేయించండి" అన్నారు. తన పని దండగని తానే చెప్పుకున్న అధికారిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ప్రెసిడెంటు గారి మొహం ఎర్రబడింది. ఎవరినైనా పనివాణ్ణి పిలవమన్నారు. కాటా దగ్గరున్నవాణ్ణి నేనే.

"ఏరా రాంబాబూ, షెడ్డులో గాలి ఎలా ఉందిరా?"

కమిటీ అంతా నావైపు తిరిగింది. సత్యానందం గారు కూడా చూస్తున్నారు. ఆ చూపులో ప్రాధేయపడడం లేదు, కాటా ముల్లుని చూసినట్టే చూస్తున్నారు. నా నోరు తన దారిన తను పోయింది. "గోదారి గట్టుమీద కూర్చున్నట్టుందండి, ఆయ్. అప్పుడప్పుడు లాంచీ కూడా కనబడుతోందండి."

గది గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే కాగితాలు మడతపడ్డాయి. నవ్వనిది ఆయనొక్కరే. "నిజంగానా, రాంబాబూ?" అన్నారు. నేను నేల చూశాను.

వారం తిరక్కుండా ఆయన్ని రాజోలు గోడౌనుకి పంపేశారు. బస్సు దగ్గర చేతులు పట్టుకున్నాను. "ప్రెసిడెంటు గారి ముందు అడిగితే అంతేనయ్యా. అడిగింది ఎవరన్నదే సగం జవాబు" అన్నారు. తప్పంతా ప్రశ్నమీద వేసుకుని బస్సెక్కారు. మిగతా సగం సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆయన ఔదార్యం. అది నాకు తెలియడం నా శిక్ష.

ఎనభైల మొదట్లో ప్రెసిడెంటు మారి, ఆయన్ని వెనక్కి పిలిపించారు. ఈసారి నోటితో అడగలేదు. పరదా వెనకాల రెండు కుండలు పెట్టించి, ఒక్కొక్కరికీ ప్రశ్నకో చింతపిక్క ఇచ్చారు. ఔననే కుండకి పసుపు, కాదనే కుండకి మసి. లోపల మనిషి ఎవరూ ఉండకూడదు. మొదటి ప్రశ్న ఆ లేని ఫ్యాను గురించే. పిక్కలన్నీ మసికుండలో పడ్డాయని తేలాక, "కాటా బాగుంది, ఇక తూద్దాం" అని గాలి సంగతి అడిగారు. ఆ ఏడే గోడకి కిటికీలు పడ్డాయి. నిజం ఫ్యాను తిరిగింది. అప్పటికి మంగాయమ్మ పనిలో లేదు. అరుగుమీద కూర్చుని గాలిని గుటకలు వేస్తూ ఉండేది. ఆపై ఎంతోకాలం బతకలేదు.

ఎవరో అభినందించబోతే ఆయన చేయి అడ్డం పెట్టారు. "సర్వే పనిచేసిందో లేదో కాగితంలో తెలీదండి, గోడలో తెలుస్తుంది. ఈ గోడ చాలా ఆలస్యంగా చెప్పింది" అన్నారు. ఆ ఆలస్యానికి కారణం ఒక లాంచీ అని ఆయన ఎవరికీ చెప్పలేదు.

అడగడమే ఆరాధనగా, వినడమే వ్రతంగా జీవించిన ఆ సత్యసంధుడి స్థానం శూన్యమైపోయింది. ఇప్పుడు మన షెడ్డులోకి ఎవరూ తలవంచి రారు. ఎవరూ ఏమీ అడగరు. ఆయన ఉన్నప్పుడు తప్పించుకు తిరిగినవాణ్ణే, ఇప్పుడు ఆ గది ముందు అకారణంగా నిలబడుతున్నాను.

మొన్న ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పెద్దలంతా అజాతశత్రువన్నారు, ధర్మమూర్తి అన్నారు. నా వంతు వచ్చింది. హరికథల్లో విన్న సమాసాలన్నీ ఏరుకుని, కరుణాసముద్రుడన్నాను, నిష్కళంకుడన్నాను, భూతద్దం పెట్టి వెతికినా ఆయనలో లోపం కనబడదన్నాను. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. బాగా మాట్లాడానని నాకే అనిపించింది. బయటికొచ్చాక కరుణమ్మ గారికి నమస్కారం పెట్టి, "అంతటి మనిషి మళ్ళీ పుట్టరండి, అమ్మగారూ" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగారు.

"అందరూ మంచివారనే చెప్పేరు, తమ్ముడూ. ఆయనలో నీకు గిట్టనిది ఒక్కటి చెప్పు. అప్పుడు ఇవన్నీ నమ్ముతాను."