స్టెప్నీ కింద పాత బెల్టు

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి కారు షెడ్డు నుంచి మా అమ్మాయికి ఫోను వచ్చింది. టైమింగ్ బెల్టు మార్చే వేళైందని, చూడ్డానికి బాగానే ఉన్నా ఇన్ని కిలోమీటర్లు తిరిగాక దాన్ని నమ్మకూడదని, బండి నడుస్తుండగా తెగితే లోపలి భాగాలు ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజనే పోతుందని అవతలి మనిషి చెప్పాడు. మార్చేయమంది. పాతదాన్ని అడిగి తెచ్చి డిక్కీలో పెట్టుకోమని నేను పక్కనుంచి అన్నాను. "అమ్మా, ఇది దారిలో ఆగి మనం వేసుకునేది కాదే. తెగిందంటే బండిని లాక్కెళ్ళడమే" అని నవ్వింది. నవ్వి, ఎందుకో ఆగి నా మొహంలోకి చూసింది. వాళ్ళ నాన్న పోయి ఏడు నెలలు. ఆయన మాట నా నోట వచ్చిందనుకుంది కాబోలు. అది కొంతవరకే నిజం.

డెబ్భైల్లో తిరువూరులో మావారికి ఒక అంబాసిడర్ కారుండేది. కిరాయికి తిప్పేవారు, డ్రైవరూ ఆయనే. గంపలగూడెం నుంచి రెడ్డిగూడెం దాకా పెళ్ళికైనా ఆసుపత్రికైనా ఎవరు పిలిచినా వెళ్ళేవారు. ఆ కారులో టైమింగుకి గొలుసు ఉండేది, దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. మనుషుల్ని దారిలో నిలబెట్టేది ముందుండే ఫ్యాను బెల్టు. ఫ్యాన్నీ, నీళ్ళ పంపునీ, డైనమోనీ తిప్పేది అదే. అది తెగితే కాసేపటికే రేడియేటరు మరుగుతుంది, అప్పటికీ ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది. అందుకని టాక్సీ స్టాండులో అందరూ పాటించే పద్ధతి ఒకటుండేది. తెగేదాకా ఆగకుండా, పగుళ్ళు కనిపించగానే బెల్టు మార్చి, తీసిన పాతదాన్ని గోనెగుడ్డలో చుట్టి స్టెప్నీ కింద దాచేవారు. ఆ రోజుల్లో దొరికే కొత్త బెల్టు ఎన్నాళ్ళు వస్తుందో ఎవరికీ తెలియదు. పాతది ఎంతవరకు లాగుతుందో వాళ్ళకు తెలుసు.

నాకు మాత్రం ఈ పద్ధతి తెలియదు. పెళ్ళయి రెండేళ్ళు, కారు గురించి నాకు తెలిసిందల్లా దాన్ని తుడవడమే. ఆ ఏడు దసరాకి ముందు ఆయన బెల్టు మార్చారు. ఆయుధపూజ నాడు నిమ్మకాయలూ గుమ్మడికాయా తేవడానికి ఆయన బజారుకి వెళ్ళినప్పుడు నేను డిక్కీ శుభ్రం చేస్తూ గోనెగుడ్డ విప్పాను. పూజకి పెట్టే బండిలో చిరిగినవీ విరిగినవీ ఉండకూడదని అత్తగారి పట్టింపు కనుక, పగుళ్ళు తేలిన ఆ రబ్బరుని తీసుకెళ్ళి ఆవిడకి చూపించాను. "శుభమా అని పూజ చేసుకుంటూ అదేంటమ్మాయ్, అవతల పారెయ్" అన్నారు. దొడ్డి వెనక కుప్పలో వేసి, ఎండుటాకులతో పాటు తగలబెట్టాను.

పది రోజులు తిరక్కుండానే నాకు టీచరు ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. పోస్టులో ఎక్కడ ఆగిందో, చేరవలసిన ఆఖరు రోజుకి సరిగ్గా ముందురోజు చేతికందింది. మర్నాడు సాయంత్రం ఐదు లోపల బందరు ఆఫీసులో కాగితాలిచ్చి సంతకం పెట్టాలి. కోడలు ఉద్యోగం చేయడం మామగారికి ఇష్టం లేదు. మావారు చాలాసేపు చెప్పగా చెప్పగా, అత్తగారు తోడు వెళ్ళేట్టయితే సరే అన్నారు. "ఈ ఒక్కసారికే. ఇది తప్పిందంటే మళ్ళీ ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు" అని కూడా అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. ఎ.కొండూరు దాటి మైలవరం వైపు కొంత దూరం వెళ్ళాక ముందు ఏదో టపటపా కొట్టుకుంది, స్టీరింగు వెనక ఎర్రలైటు వెలిగింది. ఆయన దిగి, బానెట్ ఎత్తి చూసి, చేతులు తుడుచుకుంటూ మా కిటికీ దగ్గరకొచ్చారు. "కొత్తది తెగింది. పర్లేదు, పాతది ఉందిగా. పది నిమిషాలు" అని వెనక్కి వెళ్ళారు.

వెనక సీట్లో నేనూ అత్తగారూ కూర్చుని ఉన్నాం. డిక్కీ మూత ఎత్తి ఉండటంతో ఆయన కనిపించడం లేదు, చప్పుళ్ళే వినిపిస్తున్నాయి. స్టెప్నీ ఎత్తి కింద పెట్టారు. పనిముట్లు ఒక్కొక్కటీ తీశారు. గోనెగుడ్డ దులిపారు. అప్పుడు అత్తగారు ఒక్కసారి నావైపు చూసి, తల తిప్పుకుని మామిడితోటల కేసి చూడసాగారు.

"ఇక్కడే పెట్టానే" అన్నారాయన. పనిముట్లు మళ్ళీ కదిపి వెతికి, "పూజకని తీసి నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాను, ఛ" అన్నారు.

చెప్పవలసిన క్షణం అదే. ఇంట్లో ఒక వస్తువు ఉంచాలో పారేయాలో తెలియని మనిషి బళ్ళో పిల్లల్ని ఏం చూస్తుందని మామగారు అంటారన్న భయం, అత్తగారి పేరు చెబితే ఇక నాకు సాయమొచ్చేవాళ్ళు ఉండరన్న భయం, రెండూ నా నోరు నొక్కేశాయి. ముందు బందరు చేరనీ, అక్కడ చెబుదామనుకున్నాను.

గంట తర్వాత బెజవాడ బస్సు వచ్చింది. ఆయన అడ్డంగా నిలబడి ఆపారు. కండక్టరు తల బయటపెట్టి, "నించునేవాళ్ళయితే ఎక్కండి, త్వరగా!" అన్నాడు.

"నువ్వెళ్ళిపో" అన్నారు మావారు నాతో.

"ఒక్కదాన్నా? బందరు దాకానా? మీ నాన్నకి నేనేం చెప్పుకోను రా?" అన్నారు అత్తగారు.

"నువ్వూ ఎక్కమ్మా మరి."

"ఈ మోకాళ్ళతో బెజవాడ దాకా నిలబడి రమ్మంటావా? నువ్వే తీసుకెళ్ళు."

"కారునీ నిన్నూ రోడ్డు మీద వదిలేసి ఎలా వెళ్తానమ్మా?"

"మీ ఇంటి పంచాయితీ తేలేలోపు నేను భద్రాచలం పోయి తిరిగొస్తానండీ" అన్నాడు కండక్టరు. బస్సులో జనం నవ్వారు. నేను తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టి ఉన్నాను. బస్సు కదిలాక ఆ కాలు మళ్ళీ లోపలికి తీసుకున్నాను.

ఆయన తన కండువా చింపి, తడిపి, తాడులా మెలిపెట్టి బెల్టు ఉండాల్సిన చోట కట్టారు. అది రెండు మైళ్ళు లాగి తెగింది. ఇంజను చల్లారేదాకా ఆగి, పొలం బోదెలో నీళ్ళు తెచ్చి పోసి, మిగిలిన సగం కట్టారు. అలా ఆగుతూ ఆగుతూ మైలవరం చేరేసరికి ఒంటిగంట దాటింది. అక్కడ మా కారుకి సరిపడే బెల్టు లేదు, బెజవాడ నుంచి బస్సులో తెప్పించేసరికి మరో రెండున్నర గంటలు. అంతసేపూ నేను కారు దిగలేదు, ఎవరూ దిగమనలేదు. బందరు ఆఫీసు చేరేసరికి చీకటి పడి, గేటుకి తాళం వేసి ఉంది. మర్నాడు వెళ్తే గడువు దాటిందన్నారు.

ఇంటికొచ్చాక మామగారు ఒక్క మాట కూడా అనలేదు. అనవలసినవన్నీ మావారే తనని తాను అనుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి స్టాండులో కొత్తగా చేరిన ప్రతి డ్రైవరుకీ చెప్పేవారు: "పాత బెల్టు ఎక్కడుందో రోజూ చూసుకోండ్రా. నా మతిమరుపుకి మా ఆవిడ ఉద్యోగం పోయింది." కాఫీ ఇవ్వడానికి గుమ్మం దాకా వచ్చి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు చెప్పనిది మర్నాడు చెప్పడం కష్టమైంది, ఏడాది గడిచాక ఇంకా కష్టమైంది. అత్తగారు నన్ను గుప్పిట్లో పెట్టుకోవడానికే ఆ సంగతి దాచారని చాలాకాలం అనుకున్నాను. ఆవిడ పోయిన తర్వాత గాని తట్టలేదు, పారేయమన్నది ఆవిడే కదా, ఆవిడా నాలాగే భయపడి ఉంటారని.

మామగారు పోయాక ఎ.కొండూరులో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో చేరి చాలాకాలం పనిచేశాను. అది సర్కారు ఉద్యోగం కాకపోయిందే అన్న బాధ మావారికి చివరిదాకా ఉంది. ఆసుపత్రిలో ఆఖరి వారం కూడా, "ఆ రోజు ఆ బెల్టు ఉండుంటే..." అన్నారు. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఇంకెవరూ లేరు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ, పడుకోండి" అన్నాను.

మంగళవారం సాయంత్రం అమ్మాయి కారు తెచ్చుకుంది. పాత బెల్టు షెడ్డులోనే పారేశారట. ఇప్పుడు స్టెప్నీ కింద ఎవరూ పాత బెల్టు పెట్టుకోరు.