అమ్మమ్మ ఆపిన పానా

నా చిన్నప్పుడు మా జీపు ఎప్పుడూ ఇంటి ముందు ఏటవాలులోనే నిలబడి ఉండేది. పినపాక అవతల అడవి ఊళ్లకు మనుషుల్ని తిప్పే బండి అది, నడిపేది మా నాన్న. పొద్దున్నే నలుగురు తోస్తే దిగుడులో దొర్లి స్టార్టయ్యేది. ఆ దారిలో జీపులన్నీ అంతే. తోస్తే కదిలే బండికి బ్యాటరీ ఎలా ఉందో చూసే తీరిక ఎవరికుంటుంది? బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే క్లాంపు ఎప్పుడో ఊడిపోతే, నాన్న పాత ట్యూబు ముక్కతో కట్టేశాడు.

ఆ వానాకాలం మా చిన్నమ్మకు జ్వరం తలకెక్కింది. నాకు రోజూ జడ వేసేది ఆమే. ఆమెను అమ్మమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుంది, అందరం జీపులో భద్రాచలం దవాఖానాకు బయలుదేరాం. వాగు మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఇసుకలో ఎంత తోసినా జీపు కదల్లేదు. నాన్న బానెట్ ఎత్తి చూస్తే, దారి కుదుపులకు బ్యాటరీ జరిగి, దానికి వైరును పట్టి ఉంచే టెర్మినల్ వదులై ఊగుతోంది. నట్లు బిగించే పానా ఇంట్లోనే ఉండిపోయింది. రాయితో కొట్టి ఎలాగో బిగించి స్టార్ట్ చేసేసరికి చాలాసేపు పట్టింది. దవాఖానా చేరేలోపే చిన్నమ్మ పోయింది.

ఆ తర్వాత నాన్న మునుపటి మనిషి కాలేదు. కొత్త క్లాంపు వేయించాడు. రోజూ పొద్దున పానా పట్టుకుని, బిగిసిన నట్లనే మళ్లీ బిగించేవాడు. ఒకరోజు ఆ బిగింపుకు, బ్యాటరీ మీద టెర్మినల్ తొడిగే సీసం పోస్టు విరిగిపోయింది. కొత్త బ్యాటరీ తెచ్చి దాని నట్లనూ పళ్లు కొరుకుతూ అలాగే తిప్పుతున్నాడు. అప్పటికి ఎండాకాలం. అరుగు మీద బీడీలు చుట్టే తునికాకు కట్టలు కడుతున్న అమ్మమ్మ లేచి వెళ్లి, నాన్న మణికట్టు పట్టుకుంది.

"సాలు అల్లుడా. మరీ బిగిస్తే ఆకు గూడ చినుగుతది. నువ్వెంత బిగించినా నా బిడ్డ వస్తదా?"

నాన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. తేరుకున్నాక నన్ను పిలిచి, నెమ్మదిగా చూపించాడు. ముందు ఇంజన్ ఆపాలి, వేలి ఉంగరం తీసేయాలి. విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ కదలనంత వరకు క్లాంపు, చేత్తో తిప్పితే తిరగనంత వరకు టెర్మినల్, అంతే.

ఇప్పుడు నా కారు బ్యాటరీ నేనే చూసుకుంటాను. నట్టు బిగుసుకోగానే నా మణికట్టు మీద అమ్మమ్మ చేయి పడినట్టుంటుంది, ఆపేస్తాను. తోస్తే కదులుతుందిలే అని బండిని ఏటవాలులో నిలపడం మాత్రం ఈ రోజుకీ నావల్ల కాదు.